పని చేయగలడా అన్న ప్రశ్నకు నూట యాభై ఏళ్లు



గత మాసంలో ఆక్యుపేషనల్ థెరపీ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థులు ఇద్దరు విజయనగరంలోని మా ఇంటికి వచ్చారు. వారిలో ఒకరు మా దూరపు బంధువుల అమ్మాయి. నన్ను తాతగారూ అని పిలుస్తుంది. ప్రమాదానికో వ్యాధికో గురైన మనిషి తిరిగి తన పని చేసుకోగలడా, చేసుకోగలిగితే ఎంతవరకు అని అంచనా వేయడం వారి పాఠ్యాంశాలలో ఒకటి. "మీ కాలంలో దీన్ని ఎలా తేల్చేవారు తాతగారూ?" అని అడిగింది. "పట్టిక చూసి" అన్నాను. "ఆ పట్టిక ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నది వెంటనే వచ్చిన రెండవ ప్రశ్న.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, అందులో కొన్నేళ్లు వైద్య మండలిలో కూర్చుని శాతాలు వ్రాసి సంతకాలు పెట్టినవాణ్ణి. ఆ ప్రశ్నను నేను ఏనాడూ వేసుకోలేదు. ఆ రోజు వారికి తోచినంత చెప్పి పంపించాను గాని, వారు వెళ్లిన తరువాత పాత పుస్తకాలు తిరగవేస్తూ కూర్చున్నాను. వారికి చెప్పినదీ, సంకోచించి చెప్పకుండా దాటవేసినదీ కలిపి ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఫిజియోథెరపీకే మరొక పేరు అనుకునేవారు మనలో చాలామంది. రెండూ ఇరుగుపొరుగు శాస్త్రాలే గాని ఒకటి కావు. విరిగి అతికిన మోచేయి ఎంతవరకు వంగుతున్నదో, దాన్ని ఇంకా ఎలా వంచాలో చూసేది ఫిజియోథెరపీ. ఆ చేతితో ఆమె జడ వేసుకోగలదా, నూతిలోంచి నీళ్లు తోడగలదా, కూలికి వెళ్లి వరి కోయగలదా అని చూసేది ఆక్యుపేషనల్ థెరపీ. మొదటిదానికి కోణమానిని చాలును. రెండవదానికి ఆ మనిషి బ్రతుకు తెలియాలి.

మన ప్రాంతంలో పనిచేసే శక్తిని ప్రభుత్వం తూచడం మొదలుపెట్టినది కరవు కాలంలో. 1866 నాటి కరవు ఒరిస్సాతో పాటు అప్పటి గంజాం జిల్లాను కూడా పట్టి పీడించింది. శ్రీకాకుళం ఆనాడు ఆ జిల్లాలోదే. తరువాత పదేళ్లకు, 1876–78లో, మద్రాసు రాజధాని అంతటా ధాతు, ఈశ్వర కరవు వచ్చింది. దాని దెబ్బ ఎక్కువగా తగిలినది మన తీరానికి కాదు, రాయలసీమకూ కన్నడ సీమకూ. అయితే కరవు పనుల విషయంలో అప్పుడు సాగిన వాదం తరువాతి నిబంధనలన్నిటినీ ప్రభావితం చేసింది. చెరువు గట్టు మీద, రోడ్డు మీద పని చేసినవారికే కూలి ఇచ్చేవారు. ఎవరు బలవంతులు, ఎవరు బలహీనులు, ఎవరు ఏ పనికీ రానివారు అని ముందుగా వేరు చేసేవారు. ఆ వేరు చేయడం బహుతేకంగా కంటిచూపుతో జరిగేది. పని చేయగలడని ఓవర్సీయరుకు తోచినవాడు గునపం పట్టుకోవలసిందే.

1877 ఆరంభంలో భారత ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ దానిపై అర్ధణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. మట్టి మోసే దేహానికి ఆ తిండి చాలదనీ, పని చేస్తూనే మనిషి క్షీణిస్తాడనీ ఆయన వాదన. నెలల తరబడి వాగ్వాదం జరిగాక ఆ ఏడాది మే నెలలో కూలి పెంచారు. వైద్యుడిగా నాకు ఈ ఘట్టంలో కనిపించేది ఇది: ఈ రోజు గునపం ఎత్తగలిగినవాడు ముప్పై రోజుల పాటు ఎత్తగలడా అన్నది వేరే ప్రశ్న అని మన రాజధానిలో ఒక వైద్యుడు 1877లోనే గుర్తించాడు. ఆ రెండు ప్రశ్నలనూ నేను నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు ఒకటిగా కలిపివేశానో లెక్క చెప్పలేను.

ఇదే కాలంలో సముద్రం దాటి వెళ్లినవారి దేహాలను కూడా తూచారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ నేటాల్‌కు మొదటి కూలీలను మోసుకుపోయింది. తరువాతి దశాబ్దాలలో గంజాం, విశాఖపట్టణం జిల్లాల తెలుగువారు ఎందరో ఆ చెరకు తోటలకు వెళ్లారు. ఓడ ఎక్కే ముందు డిపోలో వైద్యుడు చూసి, తోటపనికి పనికివస్తాడని వ్రాయాలి. మన పెద్దలు రంగం అని పిలుచుకున్న రంగూనుకు వెళ్లినవారికి ఆ పాటి వైద్యుడు కూడా లేడు, మేస్త్రీ కన్నే పరీక్ష. ఎవరు చూసినా చూసినది కండనే. చేతిలోని విద్యను చూసినవారు లేరు.

ఇక పట్టిక సంగతికి వస్తాను.

1923లో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 జూలై 1 నుంచి అమలైంది. పనిలో ఉండగా గాయపడినవాడికి యజమాని పరిహారం ఇవ్వాలని చెప్పిన చట్టం అది. అంతకు ముందు గాయపడినవాడికి దయ తప్ప హక్కు లేదు కాబట్టి అది ఎంత గొప్ప మార్పో మీరు ఊహించగలరు. పరిహారం లెక్క కట్టడానికి చట్టం చివర ఒక పట్టిక చేర్చారు. ఏ అవయవం పోతే సంపాదన శక్తిలో ఎన్ని పాళ్లు పోయినట్లు అన్నది దానిలో ఉంటుంది. మొదటి పట్టికలో కుడిచేతికి ఒక విలువ, ఎడమచేతికి అంతకంటె తక్కువ విలువ ఉండేవి. ఎడమచేతి వాటం వాడు చెయ్యి పోగొట్టుకుంటే ఏమిటని అడిగినవారు ఉన్నారో లేదో! తరువాతి సవరణలలో ఆ భేదం పోయింది. ఈనాటి పట్టిక ప్రకారం బొటనవ్రేలు పోతే 30 శాతం, చూపుడువ్రేలు మొత్తం పోతే 14, రెండవది బాగుండి ఒక కన్ను పోతే 40.

నా చిన్నతనంలో నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల సైరను మోతతో చుట్టుపక్కల ఊళ్లవారు ప్రొద్దు తెలుసుకునేవారు. మన పొలాలలో పండే గోగునారకు ప్రపంచ విపణిలో బిమ్లీ జూట్ అని పేరు, భీమునిపట్నం రేవు పేరు మీదుగా వచ్చినదే. ఇటువంటి మిల్లుల కోసమే ఆ పట్టిక పుట్టింది. తిరిగే యంత్రం ముందు వందలమంది ఒకే రకమైన పని చేసే చోట, వ్రేలికి ఇంత అని ముందే నిర్ణయించి ఉంటే తగవు త్వరగా తీరుతుంది. కార్మికుడు కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు. పట్టికను నేను తిట్టడం లేదు. తగవు తీర్చడానికి పుట్టిన సాధనాన్ని మనిషిని తెలుసుకునే సాధనంగా మేము వాడుకున్నాము, చిక్కు అక్కడ వచ్చింది.

విచిత్రమేమంటే చట్టం నిర్మాతలకు ఈ తేడా తెలుసు. సంపూర్ణ అశక్తత అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం చదవండి. ప్రమాదం జరిగిన నాటికి ఆ కార్మికుడు ఏ ఏ పనులు చేయగలిగి ఉన్నాడో ఆ పనులన్నిటికీ అతణ్ణి దూరం చేసిన అశక్తత అని దాని తాత్పర్యం. దేహం ప్రసక్తి కంటె పని ప్రసక్తి ముందు ఉన్నది. నిర్వచనం చట్టం మొదట్లో ఉంది, పట్టిక చివర్లో ఉంది. మేమందరం పుస్తకాన్ని వెనుక నుంచి తెరిచేవాళ్లం.

ఆ నిర్వచనాన్ని మొదటి నుంచి చదివిన కేసు ఒకటి మన పొరుగునే పుట్టింది. సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్ మీదుగా వెళితే జయపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు అది మన విశాఖపట్టణం జిల్లాలోదే. అక్కడ ఒక సినిమాహాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి 1968 జూలై 6న పైనుంచి పడిపోయాడు. ఎడమచేయి మోచేతి దగ్గర తీసివేయవలసి వచ్చింది. పట్టిక చూస్తే అది పాక్షిక అశక్తతే, యజమాని వాదమూ అదే. కాని పరిహార కమిషనరు పట్టిక దగ్గర ఆగలేదు. ఇతడు వడ్రంగి, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు, కనుక ఇతడి సంపాదన శక్తి నూటికి నూరుపాళ్లూ పోయినట్లే అని తేల్చి 9,800 రూపాయల పరిహారం నిర్ణయించాడు. ఆలస్యానికి వడ్డీ, జరిమానా కూడా వేశాడు. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కమిషనరు చెప్పినదే సరియైనదని తీర్పు ఇచ్చింది.

ఒకసారి మీరే ఊహించి చూడండి. చిత్రిక పట్టేటప్పుడు వడ్రంగి ఎడమచేయి ఏం చేస్తుంది? ఉలి పట్టుకునేది ఏ చేయి, దాని మీద కొట్టేది ఏ చేయి? చెక్కను కదలకుండా అదిమి పట్టేది ఏది? ఇంత చిన్న విషయాన్ని గమనించడానికి వైద్యవిద్య అవసరం లేదు. వడ్రంగి పని దగ్గర ఒక పూట కూర్చుంటే చాలును. ఆ కమిషనరు కూర్చున్నాడో లేదో నాకు తెలియదు గాని, కూర్చున్నవాడిలాగే ఆలోచించాడు. ఈ తీర్పు వెలువడిన నాటికి నేను వైద్య విద్యార్థిని. మాకు ఎవరూ చెప్పలేదు. ఫోరెన్సిక్ మెడిసిన్ పరీక్షకు పట్టికను మాత్రం కంఠస్థం చేశాము.

ఈలోగా ఇతర దేశాలలో వేరొక ధార సాగుతున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు లక్షలలో తిరిగి వచ్చారు. ఫ్రాన్సులో జూల్ అమార్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, అంగవిహీనుడైన పనివాడు పనిముట్టు పట్టినప్పుడు ఎంత బలం వాడుతున్నాడో యంత్రాలతో కొలిచాడు. అమెరికాలో 1917లో ఆక్యుపేషనల్ థెరపీ సంఘం ఏర్పడింది. మన దేశానికి ఈ విద్యను తెచ్చినది కమలా నింబ్కర్. పుట్టుకతో అమెరికన్, మహారాష్ట్ర ఇంటి కోడలు. 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె మొదటి శిక్షణాలయం ప్రారంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యదేశాలు పదింటిలో మనదీ ఒకటి. శ్రీకాకుళం జిల్లా పుట్టినదీ 1950లోనే. అయినా ఆ విద్య నేర్చినవారు మన జిల్లాలకు చేరడానికి ఎంత కాలం పట్టిందో, ఇప్పటికీ ఎంత అరుదో మీకు తెలుసు.

1968లో కేంద్ర కార్మిక శాఖ వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రాలను ఆరంభించినప్పుడు మొదటి రెండింటిలో ఒకటి హైదరాబాదుకు వచ్చింది. అక్కడ వర్క్‌షాపులో మనిషిని నిజంగా పనిలో కూర్చోబెట్టి చూసేవారు. ఎంత మంచి పద్ధతి! కాని ఇచ్ఛాపురం నుంచి హైదరాబాదుకు ఆ రోజుల్లో ఒక పగలూ ఒక రాత్రీ రైలు. కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని, ఒంటికాలితో అంతదూరం ఎవరు వెళతారు?

మనకు దగ్గరగా ఉన్నది వైద్య మండలి మాత్రమే. 1995లో వికలాంగుల చట్టం వచ్చాక ధ్రువపత్రాల పని పెరిగింది. తరువాత సదరం శిబిరాలు వచ్చాయి. 40 శాతం అనే గీత పింఛనుకూ రిజర్వేషనుకూ సరిహద్దు అయింది. ఆసుపత్రి వరండాలో తెల్లవారుజాము నుంచి జనం. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. వ్యాధి పేరు, అవయవం, శాతం, సంతకం. నేను నింపిన పత్రంలో వయస్సుకు గడి ఉన్నది, చిరునామాకు గడి ఉన్నది. ఈ మనిషి ఏం పని చేసి బ్రతుకుతాడు అన్నదానికి గడి లేదు.

విద్యార్థులకు చెప్పకుండా దాటవేసినది ఇదే. ఏళ్ల క్రితం ఒక శిబిరానికి పలాస ప్రాంతం నుంచి నలభై ఏళ్ల స్త్రీ వచ్చింది. నూర్పిడి యంత్రంలో పడి కుడిచేతి బొటనవ్రేలు మొదలంటా పోయింది. పుండు మానింది, మిగిలిన నాలుగు వ్రేళ్లూ చక్కగా ఉన్నాయి. 30 అని వ్రాశాను. ఆమె కాగితం తీసుకుని వెళ్లలేదు. నిలబడి, "డాకటరు బాబూ, బొటనేలికి ముప్పయ్యంతారు. మరి మిగిలిన డెబ్బైతోటి నానేటి పన్జేసేది?" అన్నది. పట్టిక అంతే తల్లీ, నా చేతిలో లేదు అన్నాను. తరువాతి పేరు పిలిచారు.

ఆమె జీడిపిక్కలు కోసే పనికి వెళుతుందని నేను అడగలేదు, పక్కనున్న నర్సు తరువాత చెప్పింది. పలాస, కాశీబుగ్గ వెళ్లినవారు ఆ పని చూసే ఉంటారు. ఉడికించిన పిక్కను ఒక చేతి వ్రేళ్ల మధ్య నిలబెట్టి కత్తుల మధ్య పెట్టాలి, పెడలు తొక్కాలి, రెండో చేత్తో పిడి లాగాలి. పిక్క చిట్లి తెరుచుకోగానే లోపలి పప్పు విరగకుండా సూదిమొనతో పైకి తీయాలి. తొక్కలోని జీడి చమురు తగిలితే చర్మం కాలిపోతుంది. కూలి రోజుకు కాదు, కిలోకు. బొటనవ్రేలు లేని చేతికి పిక్కను పట్టుకునే శక్తి ముప్పై పాళ్లు తగ్గదు, దాదాపు పూర్తిగా పోతుంది. జయపురం వడ్రంగి విషయంలో ఒక కమిషనరు చూడగలిగినది, ఎం.బి.బి.ఎస్. చదివిన నేను చూడలేదు.

పట్టిక పొరపాటు ఒకే వైపుకు జరుగుతుందని కూడా అనుకోకండి. పోలియోతో ఒక కాలు సన్నబడి 50 శాతం ధ్రువపత్రం పొందిన జాలరి, ఒడ్డున కూర్చుని వల అల్లి, అందరితో సమానంగా సంపాదించడం బారువ తీరంలో చూశాను. అదే కాలుతో గోగు ఊరవేసిన చెరువులో నడుములోతు నీళ్లలో నిలబడి నార తీయమంటే ఒక గంట కూడా నిలవలేడు. కాలు అదే, శాతం అదే.

2010 అక్టోబరులో మోటారు ప్రమాదానికి సంబంధించిన ఒక తీర్పులో సుప్రీం కోర్టు ఈ సంగతిని విస్పష్టంగా చెప్పింది. ఎడమచేయి పోతే వైద్యుడు 60 శాతం అనవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో అది నూరు శాతం సంపాదన నష్టం కావచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు అన్నది. వైద్యుడు చెప్పవలసినది దేహానికి కలిగిన నష్టం గురించే, సంపాదన నష్టాన్ని తేల్చవలసినది ట్రిబ్యునలు అనీ అన్నది. సరే, న్యాయమూర్తికి ఆ సమాచారం ఎవరు అందించాలి? వైద్యుడికీ న్యాయమూర్తికీ నడుమ ఉన్న ఆ ఖాళీ స్థానమే ఈ కొత్త పిల్లలది. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం వచ్చి వారి విద్యకూ నమోదుకూ చట్టబద్ధత కల్పించింది.

వారికి ఏం నేర్పుతున్నారని ఆ అమ్మాయి పుస్తకాలు తిరగవేశాను. 1980లలో అమెరికాలో రూపుదిద్దుకున్న పరీక్షలు ఉన్నాయి. నేల మీది నుంచి నడుము దాకా ఎంత బరువు ఎత్తగలడు, ఎంతదూరం మోయగలడు, పిడికిలి బలం ఎన్ని కిలోలు. కొన్ని పద్ధతులలో మరుసటి రోజు మళ్లీ పిలిచి చూస్తారు. మొదటి రోజు పట్టుదలతో చేసినవాడు రెండో రోజు లేవలేకపోవచ్చు గనుక. కార్నిష్ దొరవారి ప్రశ్న నూరేళ్లకు ప్రయోగశాలలో ప్రవేశించింది అనుకున్నాను.

పరీక్షలు మంచివే. అయితే వాటిలో ఉన్నది పెట్టె ఎత్తడం, మెట్టు ఎక్కడం. మన వారి పనిలో సగం గొంతుక్కూర్చుని చేసేది. వరినాట్లు, పొట్టు వలవడం, చేపలు ఎండబెట్టడం, వీటికి బల్ల లేదు, కుర్చీ లేదు. మోకాలు పూర్తిగా మడవలేని స్త్రీ ఆ పరీక్షలో చక్కగా నెగ్గి, ఇంటికి వెళ్లి పనిలేక కూర్చోగలదు.

ఇంకొకటి. మన స్త్రీలను నీవేం పని చేస్తావని అడిగితే "ఏటీ సెయ్యను బాబూ, ఇంటికాడే" అంటారు. గృహిణి అని వ్రాసి మేము సంతోషించేవాళ్లం. ప్రొద్దున లేచిన దగ్గరి నుంచి ఏమేం చేశావో చెప్పమ్మా అని అడగాలి. అప్పుడు రెండు గేదెలు, నాలుగు బిందెల నీళ్లు, ఐదు కిలోల జీడిపప్పు పొట్టు బయటికి వస్తాయి. అలాగే పింఛను కోసం వచ్చినవాడు ఉన్న బలాన్ని దాచవచ్చు, ఉద్యోగం పోతుందని భయపడే డ్రైవరు లేని బలాన్ని చూపవచ్చు. ఇద్దరినీ దొంగలుగా చూడకుండా, ఇద్దరి మాటా పూర్తిగా నమ్మకుండా, తాను కన్నది వేరుగా, విన్నది వేరుగా వ్రాయడం అలవడాలంటే పెద్దవారి పక్కన కూర్చుని ఎన్నో కేసులు చూడాలి. ప్రపంచ సమాఖ్య కనీసం 1,000 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలంటున్నది. వాటిలో ఎన్ని గంటలు ఆసుపత్రి గోడల బయట గడుస్తాయన్నది నా సందేహం.

ఉద్దానం సంగతి చెప్పకుండా ఉండలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాలు పాడైనవారి చేతులూ కాళ్లూ చూడడానికి బాగానే ఉంటాయి. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆ వ్యాధి లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వేరుగా ఇస్తున్నది, అది వేరే దారి. డయాలసిస్ జరిగిన రోజు సాయంత్రం లేవలేని మనిషి, మరునాడు కొబ్బరితోటలో రెండు గంటలు పని చేయగలడు. ఆపై రోజు వేరు. అతడి శక్తి వారానికి ఒక లెక్కలో పెరిగి తరుగుతూ ఉంటుంది. ఇతడికి ఏ రోజున కొలిచి ఎంత శాతం వ్రాస్తారు? వారమంతా గమనించి, ఏ రోజున ఏ పని, ఎంతసేపు, మధ్యలో ఎంత విశ్రాంతి అని వ్రాయగలిగినవాడు కావాలి. అతడికి పని ఇచ్చే రైతుకు కూడా అటువంటి కాగితమే పనికివస్తుంది.

ఆ ఇద్దరు విద్యార్థులూ వెళ్లేటప్పుడు, పుస్తకం మూసి ఒక పూట పలాస వెళ్లి రమ్మన్నాను. తెలిసిన వారి ద్వారా ఒక చిన్న జీడి కార్ఖానాలో కూర్చోవడానికి ఏర్పాటు చేశాను. మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. యంత్రం ముందు గంట కూర్చున్నదట. నలభై మూడు పిక్కలు కోస్తే సగానికి పైగా పప్పు ముక్కలైపోయిందట. పక్కనున్న ఆవిడ నవ్వి, కొబ్బరినూనె రాసుకోమని చెయ్యి పట్టుకుని చూపించిందట. "బొటనవ్రేలికి గుడ్డ చుట్టి మడిచిపెట్టుకుని కూడా చూశాను తాతగారూ" అన్నది. "ఎన్ని కోశావమ్మా?" అన్నాను. "రెండు. అవీ కింద పడ్డాయి" అన్నది.